స్పానర్ గుర్తు

తలుపు తీయున్రి అత్తమ్మా! ఎంతసేపు గట్ల లోపల కూసుంటరు?

శుక్రవారం పూట కోడలు హారతిని నోటితోని ఊదింది, పళ్లెం గుంజుకొని గల్లీల పారేసింది. గంతే కదా మీరు చూసింది? ఔ, ఊదిన. పారేసిన. కానీ ఎందుకో జర ఇనున్రి. తీయకున్నా మంచిదే, ఇంటున్నరని ఎరుకే. మంచం కిర్రుమన్నది.

మామయ్య పోయినంక ఆయన కారు షటర్ గదిలనే ఉండిపాయె. శుక్రవారం శుక్రవారం మీరు షటర్ సగం లేపి హారతి ఇచ్చుడు తప్ప, దాన్ని కదిపిందెవరు? హర్ష అమ్మేద్దామన్న రోజు మీరు అన్నం ముట్టలే. మీ కొడుకు అది చూడలే, నేను చూసిన. ఒక్కసారి స్టార్ట్ చేసి, ముందు సీట్ల మిమ్మల్ని కూసోబెట్టి, అబిడ్స్ దాంక తిప్పుకొస్తే ఎట్లుంటది అనుకున్న. చాబీ తిప్పితే టక్కుమని గూడ అనలే. బ్యాటరీ పూరా పడిపోయింది.

గందుకే నిన్న స్కూల్ నుంచి వస్తూ, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దిక్కు పోయి చార్జర్ తెచ్చిన. "ఆటోమేటిక్ మేడం, అన్నీ అదే చూస్కుంటది" అన్నడు దుకాణపాయన. నేనేమో రైస్ కుక్కర్ లెక్క అనుకున్న. పెట్టి మరిచిపోవచ్చు అనుకున్న!

పొద్దున క్లిప్పులు సరిగ్గనే తగిలించిన. మీట నొక్కుతుంటే ఒక్కో బొమ్మ ఎలుగుతుంది. బైకు బొమ్మ, చిన్న బ్యాటరీలకు. కారు బొమ్మ, మనకు కావాల్సింది గదే. మంచుపువ్వు బొమ్మ, గడ్డకట్టే చలి ఉన్న జాగలకు. ఆఖరికి స్పానర్ బొమ్మ. కారు బొమ్మ మీద పెడితే ఎర్రలైటు కొట్టుకుంటుంది గానీ చార్జ్ ఎక్కుతలేదు. నాకు ఓపిక లేకపాయె. స్పానర్ అంటే రిపేర్, బాగు చేస్తది కదా అని నొక్కిన.

ఏందీ? ఎట్ల వాడాల్నో కాగితం చదివినవా అంటున్నరా? లేదు, చదవలే. కాగితం డబ్బాలనే ఉండె. ప్రశ్న రెండుసార్లు చదువున్రి అని పిల్లల మీద ఒర్రే టీచర్ని నేను!

జరసేపటికి కుళ్లిన గుడ్ల వాసన. మురుగు మోరీ వాసన అనుకున్న. ఇంకొంచెంసేపటికి బ్యాటరీల గుడగుడ, పప్పు ఉడికినట్టు. చెయ్యి పెడితే చుర్రుమన్నది. పక్కలు ఉబ్బుతున్నయి. గప్పుడు కాగితం తీసిన. స్పానర్ మోడ్‌ల వోల్టేజీ బాగా ఎక్కువ ఇస్తదంట. బ్యాటరీని కారు నుంచి ఊడదీసి, గాలి ఆడే జాగల పెట్టి, పక్కన ఉండి చూస్కోవాల్నంట. లోపలి నుంచి గ్యాస్ వస్తదంట. నిండినంక తగ్గించుకునుడు దానికి తెలుసు, అంతే ఆటోమేటిక్. ఏ మోడ్ పెట్టాల్నో మనిషే చెప్పాలె. నేను తప్పు చెప్పిన.

'నిప్పురవ్వ తాకితే పేలును' అన్న ముక్క చదివి తల ఎత్తిన. మీరు. సగం లేపిన షటర్ కింద వంగి లోపలికి వస్తున్నరు, పళ్లెంల కర్పూరం మండుతుంది.

'ఆగున్రి' అనేటంత టైం లేకుండె అత్తమ్మా! మీద పడ్డ. మీ చెయ్యి నొచ్చే ఉంటది. "మా ఆయన కారుకు హారతిస్తే నీకేం నొప్పి" అన్నరు. ముందుగాల గోడ స్విచ్ బంద్ చేసిన, షటర్ మొత్తం లేపిన. తిరిగి చూస్తే మీరు లేరు, ఈ తలుపు మూసి ఉన్నది.

హర్షకు ఫోన్ చేసిన. ఆయన వరంగల్ల ఉన్నడు. చల్లారినంక క్లిప్పులు తియ్యి, ఫికర్ లేదు అన్నడు. ఆయనకేం, గాడ కూసోని అంటడు! షటర్ తెరిచే ఉన్నది. ఎవడో బీడీ కాలుస్తూ తొంగి చూస్తే ఎల్లగొట్టిన. ఎంతసేపని కావలి ఉండాలె?

నిజం చెప్పనా? చల్లారి చాలాసేపైంది. క్లిప్పు దాంక చెయ్యి పోతది, మళ్ల ఎనక్కి వస్తది. పళ్లెం గుంజుకునేటప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకున్నది. మీ మొకం దగ్గర ఆ మంట, కండ్లు మూస్తే గదే కనబడుతుంది. కారు లేవకపోతే లేవకపోనీ. అది పోతే ఇనుము పోతది.

జర నాతోని రాన్రి అత్తమ్మా. దగ్గరికి వద్దు, గల్లీల నిలబడి 'వైశాలీ' అని పిలుస్తుంటే చాలు.

గొళ్లెం తీస్తున్నరా?

ఆగున్రి, ఆగున్రి... కొంగుల అగ్గిపెట్టె ఉంటే గాడ్నే పెట్టి రాన్రి.