రాణీగారి కళ్ళు

పదింటికల్లా కళ్ళు తెరవాలంటే ఎలాగండీ ఆనంద్ పాల్ మాస్టారూ? అవి కళ్ళండీ, కొట్టు షట్టరా ఎత్తెయ్యడానికి!

దేవకుమారి గారు కమిటీ ప్రెసిడెంటే, కాదనను. నిన్న వచ్చి, రాణీగారి విగ్రహం చుట్టూ రెండు చుట్లు తిరిగి ఏమన్నారో తెలుసాండీ? "వీర్రాజు గారూ, పెదవేగి పార్కులో నిద్రపోయే రాణిని పెడతామా? జనం లేపుతారు!" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా! పోతూ పోతూ, ఇవాళ పదింటికి కళ్ళు తెరిచుండకపోతే ట్రాక్టరెక్కించి వేరేవాళ్ళ చేత చెక్కిస్తానన్నారు.

వేరేవాళ్ళ చేత! ఆ మొహం మీద వేరేవాడి ఉలి!

కూర్చోండి. ఆ సిమెంటు బస్తా మీదే, పర్లేదు. మీలాగా కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి కాదు, చదివింది ఎనిమిదో క్లాసు. అయితేనేం, ముప్ఫయ్యేళ్ళుగా ఈ దెందులూరు హైవే పక్కన ఎంతమంది పోయినవాళ్ళని మళ్ళీ నిలబెట్టానో! చేలగట్ల మీద మీరు చూసే తాతలూ మామ్మలూ సగం నా చేతివే. ఫొటో పట్టుకొచ్చేవారు. "కళ్ళెలా ఉండేవండీ?" అంటే ఒక్కరూ సరిగ్గా చెప్పరే! కలిదిండి నుంచి వచ్చిన చేపల చెరువుల ఆసామి ఒకాయన్నైతే, "ఇన్నేళ్ళు కాపరం చేసి ఆవిడ కళ్ళు గుర్తులేవేంటయ్యా!" అనేశాను. పాపం, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈ రాణీగారికి ఫొటో కూడా లేదాయె. ఎప్పటిదో రాగిరేకు శాసనం మీద పేరుందన్నారు మీరు. పేరుంటే ముక్కు తెలుస్తుందాండీ? అప్పుడే గదా ఆ సంగతి చెప్పారు. ఇంగ్లండులో వెనకటి రాజులూ రాణులూ పోతే కొయ్యబొమ్మ చేసి, బట్టలు తొడిగి, కిరీటం పెట్టి శవపేటిక మీద పడుకోబెట్టేవారనీ, కొందరికి పోయినాక మొహం మీదే అచ్చు తీసేవారనీ. ఆ మాట వినగానే లేచి అటకకేసి చూశానండీ.

ఎందుకంటే, అప్పటికి నా దగ్గరా ఒక అచ్చుంది.

మా వెంకటనరసమ్మది. పోయిన కార్తీకంలో, ఆవిడ పోయిన పొద్దున తీశాను. పసుపు రాయడానికి ఆడవాళ్ళింకా రాలేదు. మొహానికి కొబ్బరినూనె పట్టించి ప్లాస్టర్ పోశాను. మా వదిన చూసి "నీకేమైనా మతిపోయిందా!" అని గుండెలు బాదుకుంది. ఆ ప్లాస్టర్ ముందువారం జల్లించి డబ్బాలో పెట్టింది కూడా మా ఆవిడేనండీ.

ఆ అచ్చులోనే రాణీగారి మొహం పోశాను. అచ్చు ఒక్కసారికే. పగలగొడితేగానీ లోపలి మొహం బైటికి రాదు. ఇప్పుడు ఆవిడ మొహం లోకం మొత్తంలో అక్కడొక్కచోటే ఉంది. ఆ కిరీటం కింద.

తప్పేనండీ. మీరు రాణినడిగితే నేను మా ఆవిణ్ణిచ్చాను. కోప్పడండి, పడతాను.

ఏంటీ, ఫొటోలు చూసి కళ్ళు చెక్కమంటారా? పెళ్ళిఫొటోలో తలొంచుకుంది. సెల్లులో చూస్తే అన్నిట్లోనూ ఎండకి కళ్ళు చికిలించుకునే ఉంది. ఆధార్ కార్డా? అందులో మీరు మీలా ఉన్నారాండీ?

"ఫొటో ఎందుకు, మీకు తెలుసుగా" అంటారు. అక్కడే వచ్చి పడింది చావు. తెల్లారినప్పట్నించీ ఉలి పట్టుకుని నాలుగుసార్లు నిచ్చెనెక్కాను. నాలుగుసార్లూ దిగాను.

చెప్పేస్తాను, ఎవరితోనూ అనకండి. ఏ బొమ్మకైనా కళ్ళు ఆఖర్న తెరుస్తాం. తెరిచేటప్పుడు ఎదురుగా అద్దం పట్టాలి. తొలిచూపు అద్దం మీద పడాలిగానీ మనిషి మీద పడకూడదు. మా నాన్న నేర్పిన పద్ధతది. ఇరవయ్యేడేళ్ళూ ఆ అద్దం పట్టింది వెంకటనరసమ్మే. నేను బొమ్మ కళ్ళు చూసేవాణ్ణి, అద్దంలో సరిచూసుకునేవాణ్ణి. "పైకెత్తవే! కదలకే!" అని కసిరేవాణ్ణి. ఎత్తేది. ఆవిడ మొహమేమో అద్దం వెనకాల.

నల్లటివో, తేనెరంగువో? రెప్ప వాలి ఉండేదో, లేదో? నాకు తెలీదండీ మాస్టారూ. ఊళ్ళోవాళ్ళందరి కళ్ళూ తెలుసు. ఆ రెండూ తెలీవు.

ఆ కొయ్యబొమ్మలు చేసినవాళ్ళకి కళ్ళెవరు చెప్పారండీ? మీ పుస్తకాల్లో ఉందా?

లేదా. పోన్లెండి.

అదుగో, దేవకుమారి గారి కారు. లేవండి. గోడకానించిన ఆ అద్దం కాస్త పట్టుకోండి. అంత పైకొద్దు. దించండి. ఇంకాస్త దించండి మాస్టారూ, పట్టుకున్నవాళ్ళ కళ్ళు నాకు కనపడాలి.