చర్చి బండల మీద కాలు పెట్టలే

"పెద్దమ్మా, టీకాలప్పుడు చర్చిల నీవల్ల లైనంత వంకర పోయిందంట గదా? శ్రీకాంతన్న చెప్పిండు."

చెప్పిండా? వాని నోట్ల నువ్వుగింజ నానదు. నావల్ల కాదే బిడ్డా, బండల వల్ల. కూసో, చెప్త. నువ్వప్పుడు ఈ జర్మనీలనే ఆ కొసకు కాట్‌బస్‌ల సదువుకుంటుంటివి, నీకు తెల్వది.

నా బిడ్డ పద్మ కాన్పుకని వచ్చిన గదా నేను. వచ్చిన గని ఏం లాభం? అది స్టుట్‌గార్ట్‌ల, నేను ఈడ కొడుకు శ్రీకాంత్ ఇంట్ల. పిల్ల నెల ముందుగాల పుట్టింది, సన్నగ, బలుపం లెక్క. జాగ్రత్తగ ఉండాలె అని దవాఖాన్ల చెప్పిన్రంట. ఇగ పద్మ ఖరాఖండిగ చెప్పింది, "అమ్మా, రెండు కరోనా సూదులు పడందే పిల్లను ముట్టనియ్య" అని. దాన్ని కన్నది నేను, నాకే షరతులు! పోయినప్పుడల్ల కింద గడ్డిల నిలవడుడు, అది పైన బాల్కనిల పిల్లను ఎత్తి చూపెట్టుడు. జాతరల అమ్మవారిని దూరం నుంచి చూసినట్టే. చేతులు గుంజుతుండె బిడ్డా, నిజం చెప్తున్న.

చిన్నప్పుడు మా ఊరికి సూదులాయన వస్తే వడ్ల గుమ్మిల దుంకి దాక్కున్నదాన్ని నేను. మా నాయిన రెక్క వట్టి గుంజిండు. ఏడ్పు మానుమని పుట్నాలు కొనిచ్చిండు, అప్పుడు అణాకు ఇంత పొట్లం వచ్చేటిది. కాదు కాదు, అణా కాదు, రెండణాలు. మా అన్న సగం గుంజుకున్నడు, అది వేరే ముచ్చట. అసొంటిదాన్ని, ఈడ సూది కోసం "టెర్మిన్ దొరికిందారా, సూదికి టైమిచ్చిన్రారా" అని కొడుకు పానం తిన్న.

ఆఖరికి దొరికింది. ఏడ? ఊళ్లె పాత చర్చిల. ఆడనే సూదులేస్తున్నరు. లోపటికి పోతే నేల మీద ఎర్రటి గుండ్రటి స్టిక్కర్లు, మనిషికో స్టిక్కరు, దూరం దూరం. దాని మీదనే నిలవడాలె. పసుపురంగు జాకెటేసుకున్న పొడుగామె ఒకామె "ఆబ్‌స్టాండ్, ఆబ్‌స్టాండ్" అని ఒర్రుకుంట తిరుగుతుంది, దూరముండున్రి అని.

నేను పోయి నిలవడ్డ. కాలు కింద ఎత్తు పల్లాలు తగులుతున్నయి. ఏందా అని కిందికి చూస్తే ముక్కు! ముక్కు, మూతి, జోడించిన చేతులు. మనిషే! బండ మీద నిలువెత్తు మనిషిని చెక్కిన్రు, నేను ఆయన రొమ్ము మీద నిలవడ్డ. "ఏందిరా ఇది?" అంటే, నా ఎనుక స్టిక్కరు మీదున్న శ్రీకాంత్ మెల్లగ అన్నడు, "సమాధులమ్మా. ఐదారు వందల ఏండ్ల కిందటియి. పెద్ద కుటుంబమంట, అందరిని ఈడనే పెట్టిన్రు."

మనకు కాలు తగిలితే ఏం జేస్తం? ఒంగి ముట్టుకొని కండ్లకద్దుకుంటం. మా అత్త చాటకు కాలు తగిలినా అద్దిపిచ్చేది. నేను గూడ ఒంగి ముట్టిన, కండ్లకద్దుకున్న. అంతే! జాకెటామె శానిటైజరు సీస పట్టుకొని ఉరికొచ్చింది. కరోనా దినాలల్ల నేల ముట్టుడు ఒక తప్పు, ఆ చెయ్యి కండ్లకు పెట్టుడు ఇంకో తప్పు. చేతులకు ఇంత పోసింది.

ముందు స్టిక్కరు చూస్తే ఒక ఆడామె కడుపు మీదున్నది. ఇగ నేను తొక్కుతనా? పక్కకు జరిగి రెండు బండల నడుమ సందుల నిలవడ్డ. "అమ్మా, పరువు తియ్యకే" అని వీడు. వీని ఎనుక కట్టె పట్టుకున్న జర్మన్ తాత ఒకాయన, నన్ను చూసిండు, స్టిక్కరు చూసిండు, అదే కొత్త రూలు అనుకున్నడో ఏమో, ఆయన గూడ సందులకు జరిగిండు. ఆయనను చూసి ఆయన ఎనుకామె. ఈళ్ల సంగతి తెలిసిందే గదా, ముందటోడు ఎట్ల నిలవడితే ఎనుకోడు గట్లనే. దర్వాజ దాంక లైను వంకర టింకర!

జాకెటామె మొఖం కందగడ్డైంది. శ్రీకాంత్ సంగతి చెప్తే ఆమె ఏమన్నదో ఎరుకేనా? "వాళ్లే కోరుకున్నరు ఈడ పండుకుంటమని. పదిమంది తొక్కితే యాదికొస్తమని." తొక్కితే యాదికొస్తరా? మా అత్తను తొక్కకుండనే దినాం యాది చేసుకుంటున్న నేను!

"స్టిక్కరు మీద నిలవడు, లేకుంటే లైన్ల నుంచి బయటికి పో" అన్నది. "అమ్మా, ఈ టెర్మిన్ పోతే మల్ల ఎన్నడో" అని వీడు. బాల్కనిల పిల్ల కండ్లల్ల మెదిలింది. ఇటు చూస్తే మనవరాలు, అటు చూస్తే పరాయోళ్ల తల్లి కడుపు. ఏం జెయ్యాలె చెప్పు? అంతల ఆ తాత ముందుకొచ్చి, ఒంగి, గోటితోని స్టిక్కరు పీకి సందుల అతికిచ్చిండు. "చిన్నప్పటి సంది వస్తున్న ఈ చర్చికి, కిందికి ఎన్నడు చూడలే" అన్నడంట. ఆయన పీకంగనే ఇంకిద్దరు పీకిన్రు. జాకెటామె జరసేపు చూసి, ఇగ ఏం జేస్తది, తను గూడ ఒంగింది.

గని ఆఖరికి ఉన్నది చూడు! సూదేసే కుర్చి. అది నడి బండ మీద. ఒక తల్లిని చెక్కిన్రు, ఆమె కొంగు పొంటి పిల్లలు. కుర్చీల కూసుంటే కాళ్లు ఆళ్ల మీదనే. నేనేం జేసిన? నాలుగు కాళ్లు సందులకొచ్చేటట్టు కుర్చి జరిపిపిచ్చి, రెండు కాళ్లు మీదికి మడుసుకొని, పీట మీద పెండ్లిపిల్ల కూసున్నట్టు బాసింపట్టేసుకొని కూసున్న. డాక్టరమ్మ పడి పడి నవ్వింది.

ఆ పిల్లలల్ల రెండు చిన్నయి, గుడ్డల చుట్టి మూటల లెక్క ఉన్నయి. "గివేందిరా?" అంటే, వాడు డాక్టరమ్మను అడిగి చెప్పిండు, పాలు తాగే వయసులనే పోయిన పిల్లలంట. అప్పుడేదో రోగం వచ్చి ఒకరెనుక ఒకరు పోయిన్రంట. ఆ తల్లికి లైను లేదు, టెర్మిన్ లేదు, సూదే లేదు. నాకు అన్ని దొరికినయి. సూది ఎప్పుడు పొడిసిందో గూడ తెల్వలే బిడ్డా.

రెండోది గూడ పడ్డది. సూది పనిచేసేటందుకు పద్మ ఆగుమన్న దినాలు గడిసినయి. ఇగ పిల్లను తెచ్చి నా ఒళ్లె ఏసింది. నేను ఏడ్సిన. అది గూడ ఏడ్సింది, నన్ను చూసి బెదిరి.

మల్లా ఆదివారం శ్రీకాంత్‌ను తోలుకొని చర్చికి పోయిన. ప్రార్థన ఒడిసింది, ఎవ్వలు లేరు. ఆ తల్లి పక్కన నేల మీద కూసున్న. "నాకు పిల్లను ఇచ్చిన్రవ్వా" అని చెప్పిన. వట్టి రాయే, సల్లగున్నది. అయినా ఆ రెండు మూటలను జరసేపు జోకొట్టిన.

నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా? ఊకో. నీకు టైమొచ్చినప్పుడు నీ ఒడి నిండాలె బిడ్డా. నిండి, అట్లనే ఉండాలె.