పశువుల తొట్టికి పాత చీర

"అవ్వా, సంఘపెద్ద యోబన్న చెప్పి పంపినాడు. ఈ క్రిస్మస్‌కి తొట్టిలో బాలయేసు బొమ్మకి నీ పాతగుడ్డ చుట్టొద్దంట. ధర్మవరం నుంచి జరీ పట్టుగుడ్డ తెప్పించినారంట."

ఎవురు, యోబుగాడా? కూచో పాపా, నిండు చూలాలివి, నిలబడి మాట్లాడొద్దు. ఆ దిండు వీపుకి పెట్టుకో. పట్టంటనా. వాని నెత్తికి చుట్టుకోమను.

హిందూపురం నుంచి పెద్దోళ్ళు వస్తారు, ఫోటోలు తీస్తారు, చినిగిన గుడ్డ కనపడితే నామర్దా అన్నాడా లేదా? అనే ఉంటాడులే, వాడు నోరు తెరవకముందే నాకు తెలుసు.

నువ్వే చెప్పు, మన రొద్దం పక్క యాడన్నా పుట్టిన బిడ్డకి కొత్తగుడ్డ చుట్టేది చూసినావా? ఉన్నోళ్ళయినా లేనోళ్ళయినా పాత నూలుచీరే కదా చింపేది. ఉతికేకొద్దీ మెత్తన. జరీ చుట్టితే ఒళ్ళంతా గీసుకుపోయి, ఆ బిడ్డ ఏడుపు పెనుకొండ కొండకి తగిలి మళ్ళీ మనకే వినపడుతుంది. బైబిల్లో ఏముండాది? పొత్తిగుడ్డలతో చుట్టిందనే కదా. మరియమ్మకి తెల్దా ఏం చుట్టల్లో?

ఈ చీర మా అమ్మది. కాదు కాదు, మా అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చింది. అప్పుట్లో గంపెడు చింతపండు ఇస్తే ఇట్లాంటి చీర ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు ఆ చింతపండుకి సంచి కూడా రాదు. యాడున్నా నేను... ఆ, చీర. దీంట్లో చుట్టిన పిల్లోళ్ళని నిలబెడితే ఈడ్నించి బత్తలపల్లి దాకా వరస. సరే, పెనుకొండ దాకా అనుకో, తగ్గించే చెప్తాండా.

ఆ వరసలో యోబుగాడు కూడా ఉండాడు. వాళ్ళమ్మ శాంతమ్మకి, పాపం, ఒంటిమీద చీర తప్ప చింపేదానికి పాతచీర కూడా లేదు. వాడు పుట్టిన పొద్దు వాన, నోవహు కాలంలో కూడా అంత పడిండదు. దీన్ని రొమ్ములో దాపెట్టుకుని ఉరికినా. చుట్టినానో లేదో, తడిపేసినాడు. ఇప్పుడు ఆయప్పకి నామర్దా.

దేవునికి పట్టే కావల్లంటే పైనే ఉండిపోయుండును కదా. రాజుల ఇంట్లో పుడతానంటే అడ్డమెవురు? దూతలు మొదట చెప్పింది గొర్లు కాసేటోళ్ళకి, మన మాదిరి గొర్ల వాసన కొట్టేటోళ్ళకి. ఎందుకంటావు? శాంతమ్మ లాంటి తల్లి తొట్టిలోకి చూస్తే, నా బిడ్డ మాదిరే ఉండాడే అనుకోవల్ల. పట్టు చుట్టినామనుకో, ఆయమ్మ వాకిట్లో నుంచే దండం పెట్టి పోతుంది. దూరంగా నిలబెట్టేదానికా పాపా, ఆయన అంత దూరం నుంచి దిగొచ్చింది?

పట్టు తెచ్చినోళ్ళ మీద నాకేం కోపం లేదు. గోడకి కట్టుకోమను, బాగుంటుంది. బిడ్డ ఒంటికి మాత్రం ఇదే. సాయంత్రం నేనే ఎత్తుకపోతా. అడ్డమొస్తే ఆ ఫోటోలోళ్ళ ముందరే అంటా, ఒరే యోబూ, నువ్వు తడిపిన గుడ్డేరా ఇది, దేవుడే వద్దనల్యా, నీకేం వచ్చిందిరా అని. అడగను అనుకుంటాండావా?

ఏం నవ్వుతాండావు? ఆ కొస పట్టుకో. గట్టిగా. చింపుదాం.

ఈ సగం తొట్టికి. ఆ సగం ఎత్తిపెట్టుకో, నీకే. యేసయ్యకి చుట్టిన గుడ్డే నీ బిడ్డకీ. సుఖంగా కను తల్లీ. వాడు గానీ, అది గానీ, ఎవురి ముందరా తల వంచకుండా పెరగల్ల... బిడ్డ తడిపినాక బాగా ఉతికి దాచిపెట్టు, మళ్ళీ ఎవురికో కావల్సొస్తుంది...