రెప్పపాటు వెతుకులాట

ఆసుపత్రి ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఆ ఆసుపత్రి కంప్యూటర్లు చూసే కంప్యూటరాయన గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తోంది. బల్ల చివర రికార్డుల గదిలో పనిచేసే ఆవిడ కూర్చుంది. ఆవిడ టీ చల్లారిపోయింది. మొన్న మంగళవారం నాలుగో వార్డులో కుట్టుపని చేసుకునే ఒకామె, పడని మందు ఇవ్వడంతో చనిపోయింది. ఆ మందు పడదన్న సంగతి కంప్యూటర్లో ఎక్కించలేదని ఈవిడ మీద విచారణ పెట్టారు. ఎక్కించాననే గుర్తు. కానీ డాక్టరు వెతికితే రాలేదట. రెండు రోజులుగా తన మీద తనకే నమ్మకం పోయింది.

"నేనొచ్చేనాటికి ఒక్క మాట వెతకాలంటే నలభై సెకన్లు!" అంటున్నాడు కంప్యూటరాయన. "అడిగినప్పుడల్లా కంప్యూటరు లక్షల రికార్డులూ మొదట్నుంచి చివరిదాకా చదివేది మరి. పుస్తకం చివర పదాల పట్టీ ఉంటుందే, అలాంటిదొకటి కట్టించా. అర సెకను!"

"బాగుంది," అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"అక్కడితో ఆగానా? ఇంకా సానబట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద డాక్టరు 'దగ్గు' అని సగం కొట్టేలోపే దగ్గేవాళ్లంతా తెర మీద వరసకట్టారు! ఓ రోజు ఆయన కుర్చీలో కూర్చోకముందే జవాబొచ్చేసింది. హడలిపోయి బయటికి పరిగెడితే, గుమ్మం దాకా వెంటపడింది!"

"రేపు ఎవరికి జ్వరమొస్తుందో కూడా చెప్తుందేమో?"

"చెప్పింది! నీ పేరే. నేను కొట్టేయించా కాబట్టి బతికిపోయావ్."

అందరూ నవ్వారు. టీ కొట్టాయన అడిగాడు. "ఇంతకీ కిటుకేంటి సారూ?"

"ఎవరితో అనకండి. కొత్త రికార్డు ఎక్కినప్పుడల్లా ఆ పట్టీని సరిచేసుకుంటూ కూర్చునేది, అందుకే నత్తనడక. ఆ పని మాన్పించేశా. వారానికోసారి, ఆదివారం పొద్దున, మొత్తం ఒకేసారి కట్టేస్తుంది."

ఆవిడ తలెత్తింది. "సోమవారం ఎక్కించింది మంగళవారం వెతికితే?"

"రికార్డులో ఉంటుందమ్మా. పట్టీలోకి చేరేది ఆదివారమే."

"వెతికిన డాక్టరుకి?"

"లేదనే వస్తుంది," అనేసి, ఆయన అక్కడే ఆగిపోయాడు.

"ఆ కుట్టుపనామె సంగతి సోమవారం నేనే ఎక్కించాను బాబూ."

తప్పు తనది కాదని తేలింది. అయినా ఆవిడకు గుండె తేలికపడలేదు, సోమవారం వార్డుకెళ్లి వివరాలు రాసుకుంటుంటే నిద్రమత్తులో 'ఇంటికెప్పుడు పంపిస్తారమ్మా' అనడిగిన ఆ మనిషి ముఖమే కళ్లలో మెదిలింది.

"మూడింటికి విచారణ. ఈ మాట అక్కడ కూడా ఇంత గట్టిగా చెప్తారా?"

"నాకూ ఇద్దరు పిల్లలమ్మా," అన్నాడాయన, పక్కవాళ్లకు కూడా సరిగ్గా వినిపించనంత మెల్లగా.

డ్రైవరు గ్లాసు పక్కనపెట్టి లేచాడు. "మేం విన్నాంగా. పదమ్మా."

ఆవిడ లేచింది. టీ కొట్టాయన స్టవ్ ఆర్పేసి వెనకే నడిచాడు. కంప్యూటరాయన మాత్రం లేవలేదు.