భూపేష్ కారు క్యామ్‌షాఫ్టు

కర్నూలులో బళ్ళారి రోడ్డు పక్కన వీరభద్ర లేత్ వర్క్‌షాపు. మిట్టమధ్యాహ్నం. నాగలక్ష్మమ్మ చెప్పులు గడప బయటే విడిచి లోపలికి వచ్చి, బల్ల మీద గుడ్డలో చుట్టిపెట్టిన ఇనుప కడ్డీ వైపే చూస్తూ నిలబడింది.

"అదేనా?"

"ఏదక్కా?"

"మావానిది. భూపేష్ కారుది. గుడ్డలో చుట్టిపెట్టిండావే, అది."

"ఆ, వాని ఎస్టీం కారుదే. నువ్వు ముందు కుచ్చోక్కా. ఎండన పడి వచ్చిండావు. నీళ్ళు..."

"నీళ్ళొద్దు వీరభద్రా. ఊరికే ఇట్ల పోతాపోతా వచ్చినా. కూరగాయలకు వచ్చింటి."

"ఈపక్క కూరగాయలు యాడుండాయక్కా? ఇనుప సామాన్ల అంగళ్ళు తప్ప."

"వచ్చినాలే, దేనికో ఒకదానికి. అది ఏం జేస్తాదో చెప్పు నాకు."

"పిల్లోల్ల యవ్వారం అది. నీకెందుకక్కా..."

"ట్రాక్టరు తోలినదాన్ని. పంపుసెట్టు ఇంజిను నా చేతుల్తో ఇప్పి కట్టినదాన్ని. చెప్పు, అర్థమైతాది."

"సరే, ఇట్ల జూడు. దీన్ని క్యామ్‌షాఫ్టు అంటారు. కడ్డీ పొడుగునా ఈ గుబ్బలుండాయి గదా, కోడిగుడ్ల మాదిరి? కడ్డీ తిరిగేటప్పుడు గుబ్బ పోయి వాల్వును నొక్కుతాది. వాల్వు తెరుచుకుంటే ఇంజిను ఊపిరి తీసుకుంటాది. గుబ్బ ఎత్తుగా ఉంటే ఎక్కువ తీసుకుంటాది. వెడల్పుగా ఉంటే ఎక్కువసేపు తీసుకుంటాది."

"ఇప్పుడుండే గుబ్బలకేమైంది? బాగానే పోతాంది గదా కారు."

"అది కంపెనీ ఇచ్చిన కొలత. మనిషి నడిచేటప్పటి ఊపిరి. భూపేష్‌కు పరిగెత్తే ఊపిరి కావల్లంట. దానికి వేరే కొలతలతో ప్రత్యేకంగా గ్రైండింగ్ చెయ్యల్ల. మూడు రకాలు చెప్పినా వానికి. మెత్తనిది, నడిమిది, పెద్దది."

"ఏది చెయ్యమన్యాడు?"

"ఇంగా తేల్చలే. రేపు చెప్తా, రేపు చెప్తా అంటాండాడు. వాని స్నేహితులు మాత్రం పెద్దదే వెయ్యమంటాండారు."

"పెద్దది వేస్తే?"

"వేస్తే... బాగా పోతాది."

"బాగా అంటే ఎంత?"

"అక్కా..."

"ఎంత వీరభద్రా?"

"ఇప్పుడు నూటా యాభైకాడ ఆయాసపడతాది ఆ కారు. పెద్దది వేస్తే ఆడికి పోయినంకే దానికి ఊపొస్తాది."

"ఆదివారం పందెం పెట్టుకున్యారు. తెల్లారుతూనే, ఓర్వకల్లు కాడి నుంచి పాణ్యం దాక. అవునా?"

"నాకేం తెలుసు? నేను షాఫ్టు పని చేసేవాన్ని."

"మా వసారాలో కుచ్చోని మాట్లాడుకుంటే ఇన్నా. నేను లోపల బియ్యం ఏరుతాంటి. అవునా కాదా?"

"ఇన్నావు గదా, మల్ల నన్నెందుకు అడగల్ల?"

"అవునా కాదా అంటాండా."

"అవునంట."

"కంబన్న కొడుకు కారు గుద్దుకోని పోయినాడు గదా, ఆ కారుకు షాఫ్టు నువ్వేనా చేసింది?"

"కాదక్కా! దేవుని తోడు. ఆ పిల్లోడు బెంగుళూరు నుంచి తెప్పించుకున్యాడు. గుద్దుకున్నంక మిగిలిన కారును మాత్రం నాకాడికే తెచ్చినారు, ఏమన్నా పనికొస్తాదేమో చూడమని. పొయ్యి చూస్తే ఇంజిను ఉండాది గానీ ముందర సీట్లు ఉండే తావే లేదు. తీస్కపోండప్పా అని పంపించేసినా. రెండు దినాలు షాపు తెరవలే."

"ఆసుపత్రి కాడికి నేనూ పోయింటి. మొగం మీద గుడ్డ తియ్యనియ్యలే వాల్లు. కాళ్ళు మాత్రం కనపడతాండాయి. ఒక కాలికి బూటుండాది. ఇంగో కాలికి లేదు. కంబన్న ఆ లేని బూటు కోసం వచ్చిపొయ్యే వాల్లనందరినీ అడుగుతాండాడు. చూసినారా అప్పా, నల్లబూటు, చూసినారా అని."

"ఊరుకోక్కా. ఇప్పుడెందుకవన్నీ?"

"ఆ పొద్దు నుంచి ఏ కారు గట్టిగా అరిచినా చేతిలో ఏముంటే అది జారిపోతాది నాకు. మావాడు బయటికి పొయ్యి కొంచెం ఆలస్యమైతే చాలు, పొయ్యికాడ నిలబడి వాని కాళ్ళకు ఏ చెప్పులు ఏసుకోని పోయినాడో గుర్తు చేసుకుంటాంటా. గుర్తుపట్టనీకి. ఇంటాండావా? గుర్తుపట్టనీకి!"

"ఇంటాండానక్కా."

"అందుకే వచ్చినా. నువ్వు నాకొక పని చెయ్యల్ల."

"చెప్పు."

"శబ్దం పెద్దగా రావల్ల. కారు మాత్రం పోగూడదు. అట్లాంటి గుబ్బలు చెక్కొచ్చునా?"

"ఉత్త శబ్దానికా?"

"ఉత్త శబ్దానికే. చెక్కొచ్చునా లేదా?"

"చెక్కొచ్చు. ఎత్తు తగ్గించల్ల. లోపలికి గాలి పొయ్యే వాల్వూ, బయటికి పొగ పొయ్యే వాల్వూ కొంచెంసేపు రెండూ తెరుచుకోనుండేట్ల పెట్టల్ల. నిలబెట్టినప్పుడు దడదడా దడదడా అంటాది. వీధి వీధంతా తిరిగి చూస్తాది. రోడ్డెక్కితే ముసలెద్దే."

"అదే చెయ్యి. వాల్లందరూ చెవులతోనే గదా చూసేది. పందెం ఓడిపోతాడు, ఇంటికొస్తాడు. అంతే నాకు కావల్సింది."

"చెయ్యనక్కా."

"ఏం? ఎందుకు చెయ్యవు?"

"పందెం ఒక్కదినం. ఆ కారు వాడు దినామూ తోలుతాడు. శ్రీశైలం ఘాటులో మలుపుకాడ లారీని దాటల్లనుకో. ఎదురుగా బస్సొస్తాంది. శబ్దం ఇని, నా బండి పోతాది అనుకోని తొక్కుతాడు. బండి పోదు. అప్పుడు?"

"అట్లనొద్దు."

"అనకపోతే ఎట్ల? తోలేవానికి బండి ఎంత పోతాదో తెలిసుండల్ల. తెలీకుండా చేసి ఇచ్చినానంటే వేగం కంటే అదే మోసం."

"అంటే పెద్దది వేస్తే అట్ల సచ్చిపోతాడు, నేను చెప్పింది వేస్తే ఇట్ల సచ్చిపోతాడు. అదేనా నువ్వనేది?"

"నేను అట్లనలే."

"అదే అన్యావు."

"అక్కా, మెత్తనిది వేద్దాం. కొంచెం హుషారుగా పోతాది, అంతే. నేనే చెప్తా వానికి, నీ ఇంజిను పెద్దదానికి తట్టుకోదు అని."

"వాల్లూరుకుంటారా? ఇంగో షాపుకు తీస్కపోతారు. ఈడ నువ్వొక్కనివేనా?"

"అదీ నిజమే."

"మల్ల?"

"మల్ల... వానితోనే మాట్లాడరాదా? పెద్దోడయినాడు, చెప్తే ఇంటాడు. నాకు ఇట్ల ఉండాదిరా అని..."

"అదొద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటి గదా. ఇంగోటేదన్నా చెప్పు. కరెంటు లేదని చెప్పు, గ్రైండింగ్ మిషను పాడయిందని చెప్పు."

"కరెంటు ఉండాది, మిషను తిరుగుతాంది. వాల్లు దినామూ వచ్చి చూసిపోతాండారక్కా. పొద్దున కూడా వచ్చినారు. ఇద్దరు పైకెక్కి కుచ్చున్యారు ఆ బల్ల మీద. ఏమన్నా, ఏమన్నా అని ఒకటే తొందర. భూపేష్ మాత్రం వాకిట్లోనే నిలబడినాడు."

"వాకిట్లోనా?"

"లోపలికి రాలే. ఫోను చూసుకుంటాండె. అక్కా, ఆ కడ్డీ ఎందుకు తీసుకున్యావు? కింద పెట్టు."

"బరువే ఉండాది."

"బల్ల మీద పెట్టు. పోత ఇనుము అది, గచ్చు మీద పడితే రెండు తునకలైతాది."

"ఇనుము గదా. విరుగుతాదా?"

"విరుగుతాదనే చెప్తాండా. ఇట్లియ్యి."

"నిజంగా విరుగుతాదా వీరభద్రా?"

"అక్కా. వద్దు. ఇంగొకటి తెచ్చుకుంటారు. ఇది పోతే ఇంగొకటి దొరుకుతాది వాల్లకు. ఇట్లియ్యి నా మాటిని."

"ఆదివారం లోపల దొరుకుతాదా?"

"అదంతా తర్వాత, ముందు కింద పెట్టు."

"దొరకదు గదా?"

"నువ్వట్ల ఎత్తి పట్టుకుంటే నాకు భయమైతాంది. కాలి మీద పడతాది, ఇంగేమన్నా అవుతాది..."

"నీ ఫోను మోగుతాంది."

"మోగనీలే. ముందు అది ఇయ్యి."

"ఎవరది? పేరు కనపడతాంది ఈడికి. మావాడే గదా?"

"తర్వాత మాట్లాడతాలే."

"ఇప్పుడే మాట్లాడు. అందరికీ ఇనపడేట్ల పెట్టు. ఏ రకం చెయ్యమంటాడో నా చెవులతో ఇనల్ల నేను. నేనీడుండానని ఒక్క మాట చెప్పినావంటే ఇడ్సిపెడతా దీన్ని."

"పిల్లోన్ని మోసం చేసినట్ల అవుతాదక్కా."

"ఎత్తప్పా! ఆగిపోతాది!"

"ఎత్తినా, ఎత్తినా. గమ్మునుండు... ఆ, చెప్పు భూపేషా."

"అన్నా, షాపులోనే ఉండావా?"

"షాపులోనే."

"మావోల్లెవరన్నా వచ్చినారా మల్ల? నీ పక్కన ఉండారా ఎవరన్నా?"

"నీ స్నేహితులెవరూ లేరు. చెప్పు."

"షాఫ్టు ఏ రకమో చెప్తానంటి గదా."

"అదే నేనూ చూస్తాండా. పెద్దదేనా?"

"ఏదీ వద్దన్నా."

"ఏందీ?"

"ఏదీ చెయ్యొద్దు. ఉండేది కూడా పోయిందని చెప్పు వాల్లకు. గ్రైండింగ్ చేస్తాంటే విరిగిపోయిందని చెప్పు. తప్పు నీ మీద ఏసుకోన్నా, నీకు దండం పెడతా. ఆదివారం దాటేదాక ఇంజిను అట్లనే ఇప్పి పెట్టు."

"ఏమైందిరా నీకు?"

"నిన్న నన్ను ఆ తావుకు తీస్కపోయినారు. కంబన్న కొడుకు పోయిన తావుకు. రోడ్డు చూసుకుందాం రా అని. అద్దం పెంకులు ఇంగా అట్లనే ఉండాయన్నా మట్టిలో, ఎండకు మెరుస్తాండాయి. అందరూ దిగినారు. నాకు కాళ్ళు రాలే. డోరు తెరిచి ఒక కాలు కింద పెట్టినా, రెండోది రాలే. అట్లనే కుచ్చుంటి. కారు వెనక్కి తిప్పేటప్పుడు స్టీరింగ్ తడిసిపోయింది చెమటకు. రాత్రంతా నిద్ర లే."

"వాల్లతో చెప్పేయరాదా? నేను రానని."

"వాల్లకు చెప్పొచ్చులే. నాలుగు దినాలు నవ్వుతారు, మరిచిపోతారు. చెప్తా నేను."

"ఇంగేమి మల్ల? నన్నెందుకు అబద్ధం చెప్పమంటాండావు?"

"వాల్లకు చెప్తే మాయమ్మకు తెలుస్తాదన్నా."

"తెలిస్తే ఏమి? అమ్మే గదా."

"నీకు తెలీదులే ఆయమ్మ సంగతి. నాయన సచ్చిపోయిన ఏడాది దాయాదులు కట్టెలు పట్టుకోని మడికాడికొస్తే, ఒక్కతే గనిమ గట్టు మీద నిలబడింది, నేను చెట్టెనకాల దాక్కుంటి. కంబన్న కొడుకును చూసొచ్చి కూడా ఆ పొద్దు నాకు అన్నం కలిపి పెట్టింది, కంట తడి లేదు, ఒక్క మాట లేదు. ఆయమ్మకు భయమంటే ఏందో తెలీదన్నా. అట్లాంటిదాని కడుపున పుట్టి, అమ్మా, నాకు భయమైతాందని ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"