పెద్ద ట్యూబు

బాత్‌రూమ్‌లో గోడ అలమర సర్దుతున్నారు తల్లీ కూతుళ్లు. ఇంటాయన పోయి ఇరవై రోజులైంది.

"పదహారు సబ్బులమ్మా! కొట్టు పెడదామనుకున్నాడా నాన్న?"

"మూడు కొంటే ఒకటి ఫ్రీ అన్నారట. మీ నాన్న ఊరుకుంటారా?"

"ఈ పేస్టు చూడు. కత్తెరతో నిలువునా కోసి, లోపల గీకి మరీ వాడాడు."

"ఇంకో నాలుగు రోజులొచ్చిందని ఎంత సంబరపడ్డారో."

"కొట్లో అరగంట నిలబడేవాడు. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, గ్రాము ఎంత పడుతుందో లెక్కకట్టి, చివరికి పెద్దదే తీసేవాడు. పక్కన నాకు తల కొట్టేసినట్టుండేది."

"ఆ పెద్ద డబ్బాలే నీ చదువు గట్టెక్కించాయి."

"తెలుసులే."

"తెలుసని ఆయనతో ఎప్పుడైనా అన్నావా?"

"...ఈ పాత బ్రష్షు పారేయనా?"

"పారెయ్."

"ఫోన్ చేస్తే చాలు, నెలనెలా ఎంతోకొంత దాచు, చిన్న వయసులోనే మొదలుపెట్టు అనేవాడు. పనిలో ఉన్నా నాన్నా అని పెట్టేసేదాన్ని."

"ఆయనకీ తెలుసు, నీకు పని లేదని."

"బ్యాంకు కాగితాలు చూశానమ్మా. డిపాజిట్లన్నీ నీ పేరు మీదకి మారిపోయున్నాయి. నెలనెలా వడ్డీ నీ ఖాతాలో పడేలా. ఎప్పుడు చేశాడు?"

"మొన్న వేసవిలో. నా పేరు మీదైతే పన్ను తగ్గుతుందన్నారు."

"నువ్వు నమ్మావా?"

"పెట్టమన్నచోట సంతకం పెట్టాను."

"వేసవిలోనే కదమ్మా డాక్టరు చెప్పింది! ఆ కాగితం నిన్న నాన్న పెట్టెలో దొరికింది. అయిదారు నెలలని. మనకి మాత్రం, కడుపులో మంట, మాత్రలేసుకుంటే పోతుందన్నాడు. మాట మాత్రం చెప్పలేదు. చెప్పుంటే వచ్చి ఇక్కడే ఉండేదాన్ని కదా."

"ఏడవకు తల్లీ."

"నీకు కోపం రావట్లేదా?"

"ఆ పై అరలో ఏముందో తియ్యి."

"మాట మార్చెయ్యి ఎప్పట్లాగే. షేవింగ్ క్రీము. అబ్బో, ఎంత పెద్దదో! సగం అలాగే ఉంది. పోతానని తెలిసి కూడా పెద్దదే కొన్నాడు చూడు. ఏం పిసినారితనమమ్మా అది..."

"అది ఆయన కొన్నది కాదు."

"మరి?"

"నేను కొన్నా."

"నువ్వా? నువ్వెందుకు కొన్నావు?"

"ఆయన కొన్నది చిన్నది. వేలెడంత. వేసవిలో ఒకరోజు సామాను సంచీ విప్పితే కనబడింది. నాకు తలనూనె పెద్ద సీసా, బట్టలుతికే పొడి పెద్ద సంచీ. ఆయనకి మాత్రం చిన్న ట్యూబు. నలభై ఏళ్లలో ఆయన చిన్నది కొనడం అదే మొదలు."

"అంటే... అప్పుడే తెలిసిపోయిందా నీకు?"

"తెలిసిపోయింది. ఏమీ ఎరగనట్టు సామానంతా సర్దేశా."

"మరి అడగలేదా?"

"ఏమని అడగను? నాకు తెలియకూడదని అంత తంటాలు పడుతున్నారు. మర్నాడు దాన్నే కొట్టుకి పట్టుకెళ్లి, పైన డబ్బులిచ్చి, ఉన్నవాటిలో పెద్దది మార్చుకొచ్చా. చిన్నదున్న చోటే పెట్టా."

"చూసి ఏమన్నాడు?"

"కళ్లజోడు నుదుటి మీదకి తోసి, అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత, గ్రాము ఎంత పడింది అన్నారు."

"నువ్వేమన్నావు?"

"చవకే పడిందండీ, ఏడాదిన్నర వస్తుంది అన్నా."

"అంతేనా? ఇంకేం మాట్లాడుకోలేదా?"

"ఇంకేం లేదు. శనగగింజంత క్రీముతో సరిపెట్టుకునే మనిషి, ఆ రోజు నుంచీ మొహం నిండా పూసుకునేవారు. ఆఖర్న, మంచం దిగలేని రోజుల్లో కూడా, గిన్నెలో నీళ్లు తెమ్మని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గీసుకున్నారే. నేను తెచ్చింది అయిపోవాలని, నా కోసం. అయినా సగమే అయింది."