అల్లుడుగారి అద్దాల మేడ

హలో… ఆ, నేనే సాయీ, అమ్మని. ఏంటే, ఒక్క రింగుకే ఎత్తేశావు? బాబుకేమైనా—

…కరెంటు లేదా? పొద్దుట్నుంచా? సాయంత్రం దాకా రాదా! ఓరి దేవుడా. అయిదో నెల దాకా పాలకొల్లులో నా దగ్గరే ఉండమంటే విన్నావా? ఇంత ఎండలో, మూడు నెలల పసివాడితో, భీమవరంలో ఆ గాజుపెట్టెలోనా?

…కిటికీలు తెరువు!

…ఆ, మర్చిపోయాను. అవి తెరుచుకోవుగా. ఎలివేషన్ అందంగా కనబడాలని మీ ఆయన అద్దాలు బిగించేశారు. పోనీ వెంటిలేటర్లు?… అవునవును, ఏసీ చల్లదనం పారిపోతుందని పూడ్చేశారు. సన్‌షేడ్ వేస్తే పాతకాలం కొంపలా ఉంటుందన్నారు. ఇంకేం, ఎండ సరాసరి హాల్లోకొచ్చి సోఫాలో కూర్చుంటోంది, చుట్టంలా.

…నేనేం వెక్కిరించట్లేదు. ఏడో క్లాసు చదివినదాన్ని, ఇంజనీరుగారిని వెక్కిరిస్తానా? మా తాతగారిది తాటాకిల్లు. మా నాన్న పెంకులేయించి, చుట్టూ వసారా దింపారు. మీ నాన్న డాబా వేసినా ఎదురెదురు కిటికీలు పెట్టించి, ఎండాకాలం పైన కొబ్బరాకులు పరిపించేవారు. అందరూ గాలికి దారి వదిలే కట్టారు. మీ ఆయనొచ్చి ఆ దారి మూసేశారు.

…ఏంటీ? గాలాడే ఇళ్లు కట్టడం మీద ట్రైనింగ్‌కి వెళ్లొచ్చారా? మూడు రోజులా! ఏం నేర్పారట?… చూరు ముందుకి దింపాలి, ఎదురెదురు కిటికీలుండాలి… ఆహా! నన్నడిగితే భోజనం పెట్టి మరీ చెప్పేదాన్ని.

సర్లే, బాబు పాలు తాగాడా?… పడుకున్నాడా? ఆ వేడిలో ఎలా పడుకున్నాడే? అసలు స్పృహ ఉందా? ముక్కు దగ్గర వేలు పెట్టి చూడు… చూశావా?… మళ్లీ చూడు.

…ఎక్కడా? మేస్త్రి ఆశీర్వాదం పాకలోనా? ఇల్లు కట్టేటప్పుడు పక్కన వేసుకున్నాడే, ఆ తాటాకు పాకేనా?… హాయిగా ఉందా? ఉండదూ మరి! వాళ్లావిడ మెర్సీ నేల తడిపి మంచం వేసిందా? నూరేళ్లు బతకాలి ఆ పిల్ల.

…ఆగాగు. ఇంటి అందం చెడుతోందని ఆ పాక ఇవాళ పీకించేస్తానన్నారుగా అల్లుడుగారు?… మనుషులొచ్చేశారా! గునపాలతో బయటే నిలబడ్డారా? బాబు లోపలున్నాడే! ఆయనకివ్వు ఫోను. ఇవ్వు, నేను మాట్లాడతాను.

…ఆయనెక్కడ పడుకున్నారూ?… ఆ పాకలోనేనా? చొక్కా విప్పేసి, గురకపెట్టి మరీనా!

లేపకమ్మా, పాపం. ట్రైనింగ్‌లో అలిసిపోయారు. వచ్చినవాళ్లకి మాత్రం నా మాటగా చెప్పు… బాబు లేచాక, పీకేదేదో ఆయన పడుకున్న వైపు నుంచే మొదలెట్టమను.

ఉంటాను.